వంతు నీటికి లెక్క

కర్నూలుకు ఎగువన, సుంకేసుల వద్ద తుంగభద్రను వీడి, హంద్రీనదిని దాటి, కడపదాక సాగు కాలువను మనము కె.సి. కెనాలు అందుము. దీని నిర్మాణమును 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ చేపట్టెను. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. పొడవు మూడువందల కిలోమీటర్లకు పైమాట. బచావత్ ట్రిబ్యునలు దీనికి 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించినది. కాని నీరు పల్లమెరుగును, కాగితము నెరుగదు. నది సన్నగిల్లిన యేట వంతులు తప్పవు.

వంతులు వేయుట వినుటకు సులభము. ఉదాహరణకు పది పిల్లకాలువలు ఒకదాని పిమ్మట ఒకటి నీరు పొందవలెననుకొందము. ఏది ముందు, ఏది వెనుక? సాధ్యమగు వరుసలు 36,28,800. సెకనుకొక వరుస చొప్పున రేయింబవళ్లు పరిశీలించినను సరిగా 42 దినములు పట్టును. అప్పటికి పైరు మాట యేల! కాలువలు పదునైదైనచో వరుసలు లక్ష కోట్లు దాటును.

ఇట్టి చిక్కులను కంప్యూటరునకు అప్పగించుటకు రెండు త్రోవలు కలవు. వెదకు విధమునంతటిని అంచెలంచెలుగా మనమే వ్రాసి యిచ్చుట మొదటిది. ఒక్క నియమము మారినను వ్రాతయంతయు తిరుగవ్రాయవలసి వచ్చును. రెండవది డిక్లరేటివ్ ప్రోగ్రామింగు. ఇందు మనము ఏమి కావలెనో చెప్పుదుము; ఎట్లు సాధింపవలెనో చెప్పము.

పెండ్లి పెత్తనము చేసిన శ్రోతలకు ఇది క్రొత్తగాదు. పురోహితునితో ఈ పుట త్రిప్పుడు, ఆ గడి చూడుడు అని ఎవరును అనరు. వధూవరుల నక్షత్రములు చెప్పుదురు. మంగళవారము కూడదందురు. వరుని సెలవు ఫలానా తేదీ వరకే అందురు. పంచాంగములో వెదకుట ఆయన పని. ఆయనయు ప్రతి గడియను పరీక్షింపడు. మూఢము వచ్చినచో ఆ దినములన్నియు ఒక్క మాటతో తొలగిపోవును. యంత్రము చేయునదియు ఇదియే. ఫలానా కాలువ క్రింది పైరు చివరి వంతుదాక ఆగలేదన్నచో, దానిని చివర నిలుపు 3,62,880 వరుసలును చూడకయే కొట్టివేయబడును.

ఈ భావము ఒకనాటిది కాదు. 1947లో డాంట్జిగ్ సింప్లెక్సు పద్ధతిని కనుగొనెను. 1972లో ఫ్రాన్సునందలి మార్సెయిల్‌లో కోల్మెరోయరు బృందము ప్రోలాగ్ భాషను రూపొందించెను. 1987లో జాఫర్, లాసే అనువారు తర్కమును, నియమములను ఒక చట్రములోనికి తెచ్చిరి. నేడు ఈ రంగమున పిహెచ్.డి.కి శ్రమించువారు నిజజీవితపు చిక్కులను పట్టుకొని పెనుగులాడుచున్నారు. రెండు పిల్లకాలువలు అన్నివిధముల సమానమైనచో వానిని తారుమారు చేసి చూచుట వృథా. ఆ సంగతిని యంత్రమే పసిగట్టినచో సగము శ్రమ తప్పును. ఇట్టివి వెదకుటయే వారి పనిలో పెద్దపాలు.

కాని నా దృష్టిలో అసలు గడ్డుతనము వేరొకచోట నున్నది. నియమములకు లోబడినవానిలో ఉత్తమమైనది కావలెనన్నచో, ఉత్తమమనగా ఏమో కూడ చెప్పవలెను. "మొత్తముమీద ఎక్కువ యెకరములు తడియవలెను" అని వ్రాసితిమనుకొనుడు. దూరము పోయినకొలది నీరు ఇంకి, ఆవిరియై తగ్గును; కనుక యంత్రము ఎగువ భూములకే నీటిని మళ్లించి, చివరి రైతును ఎండగట్టును. దాని లెక్కలో తప్పు లేదు! "అందరికంటె తక్కువ నీరందినవానికి సాధ్యమైనంత ఎక్కువ అందవలెను" అని ఆ ఒక్క పంక్తిని మార్చినచో వేరొక వరుస వచ్చును. మొత్తపు విస్తీర్ణము కొంత తగ్గవచ్చును. మిగిలిన వ్రాతయంతయు యథాతథము. ఆ పంక్తి ఇంత బాహాటముగా కనబడుటయే ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణము. అంచెలంచెల వ్రాతలో అది ఏ మూలనో దాగియుండును, రైతు అడిగినను చూపుట కష్టము.

కొన్ని యేండ్లలో ఏ వరుసయు కుదరదు. అట్టివేళ మంచి ప్రోగ్రాము "సాధ్యము కాదు" అని ఊరకుండదు. ఏయే నియమములు పరస్పరము పొసగవో ఏరి చూపును. వరికి వారమునకొక తడి, చివరి యూరికి పది దినములకొక వంతు, కాలువలో ఉన్న నీరు: ఈ మూడును ఒకచోట ఇమడవనును. ఆ జాబితా నీటిపారుదల సలహామండలి బల్లమీదికి పోవలెను. వరిని మాని ఆరుతడి పంటలకు దిగుటయా, వంతుల నడుమ వ్యవధిని పెంచుటయా అన్నది నారుమళ్లు పోయుటకు ముందే అక్కడ తేలవలసిన మాట.