గడ్డి మేసేది బర్రె, అరిగించేది సూక్ష్మజీవులు

ఎల్బీ నగర్, హయత్‌నగర్ వైపు బర్రెలను పెట్టుకున్న పాడి రైతుల్లో చాలామందికి మేత పెంచుకునే చెలక లేదు. వరిగడ్డి, చొప్ప, దాణా అన్నీ కొనాల్సిందే. కొన్న మేత సరిగా అరగక పేడలో పోతే, ఆ నష్టం పాల డబ్బులోంచే కదా!

గడ్డిలోని పీచును అరిగించే శక్తి నిజానికి బర్రెకు లేదు. ఆ పని చేసేవి రూమెన్ అనే పెద్ద పొట్టలో ఉండే కోట్లాది సూక్ష్మజీవులు. వంద లీటర్లకు పైగా పట్టే ఆ పొట్టలో పీచు పులిసి ఆమ్లాలు తయారవుతాయి. బర్రెకు శక్తి ఎక్కువగా వీటి నుంచే వస్తుంది. వీటిలో ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్నకు మూలం. పీచు అరగకపోతే వెన్న శాతం తగ్గుతుంది, ధరా తగ్గుతుంది.

అయితే అన్ని మేతల్లో పీచు ఒక్కటి కాదు. మూసీ వెంట పెంచే పారా గడ్డిలాంటి పచ్చిమేత లేతగా ఉన్నప్పుడు త్వరగా అరుగుతుంది. ముదిరితే లిగ్నిన్ అనే పదార్థం పీచును గట్టిగా పట్టేస్తుంది. దాన్ని సూక్ష్మజీవులు కూడా ఏమీ చేయలేవు. వరిగడ్డికి సిలికా మరో చిక్కు. అది ఆకులోనే ఎక్కువ, కాబట్టి వరిలో ఆకు కన్నా కాడే బాగా అరుగుతుంది. జొన్న చొప్పలో ఇది తలకిందులు, ఆకే మేలు.

చొప్ప కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. 2004-05లో ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ చొప్ప వ్యాపారుల దగ్గర నమూనాలు తీసి పరీక్షించారు. నాసి రకం 47 శాతం, మేలు రకం 52 శాతం అరుగుతున్నట్టు తేలింది. ఈ ఐదు శాతం తేడాకే ధరలో సుమారు నాలుగో వంతు తేడా ఉంది. ప్రయోగశాల లేకుండానే వ్యాపారులు కంటితో చూసి ఈ తేడా పట్టేశారన్నమాట!

ఇక వరిగడ్డి సంగతి. ఇందులో మాంసకృత్తులు 3-4 శాతమే. మొత్తం మేతలో ఇవి 7 శాతం కన్నా తగ్గితే సూక్ష్మజీవులు పస్తులుంటాయి. గడ్డి పొట్టలోనే నిలిచిపోయి బర్రె మేత తగ్గిస్తుంది. దీనికి విరుగుడు తెలగపిండి, పచ్చిమేత లేదా యూరియాతో మాగబెట్టిన గడ్డి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా పాలిథీన్ పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. మేపే ముందు గంటసేపు ఆరబెట్టాలి. ఆ ఘాటుకు పక్కింటివాళ్లు గొడవ పెట్టుకోవచ్చు, కాస్త దూరంగా చేసుకోండి. యూరియా నీళ్లు చల్లి అప్పటికప్పుడు మేపితే మాత్రం విషమే. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి పెట్టొద్దు.

పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం చవగ్గా దొరికిందని బకెట్ల కొద్దీ పెట్టేవాళ్లున్నారు. అన్నం గంటల్లో పులిసి పొట్టలో పులుపు పెరిగిపోతుంది. పీచును అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకు తట్టుకోలేవు. బర్రె నెమరు ఆపేస్తుంది, పారుకుంటుంది, ఒక్కోసారి చనిపోతుంది కూడా. బర్రె రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తేనే సోడా గుణం ఉన్న లాలాజలం ఊరి పులుపు విరుగుతుంది. నెమరు రావాలంటే కాస్త పొడవైన గడ్డి కావాలి. చొప్పను అంగుళం, రెండంగుళాల ముక్కలు చేయండి గానీ పిండి చేయకండి.

మధ్యాహ్నం పడుకున్న బర్రెలను ఒకసారి లెక్కపెట్టండి. పదింట్లో కనీసం ఐదారు నెమరు వేస్తుండాలి. అంతకు తగ్గితే దాణా తగ్గించి గడ్డి పెంచండి. మేతే ముట్టకపోతే ఆలస్యం చేయక పశువైద్యుణ్ణి పిలవండి.