ఏడు వేసవుల దీక్ష

పాఠ్యాంశ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ఒక కళాకృతి పట్ల కలిగే అభిమానం ఉత్సాహంగానే మిగిలిపోతుందా, సాధనగా మారుతుందా అన్నది ఈ పాఠంలోని ప్రధానాంశం. ఒక సాహస చిత్రాన్ని ప్రాణప్రదంగా ప్రేమించిన ముగ్గురు అమెరికన్ బాలుర కథను, వారిని గురించి 2015లో వెలువడిన డాక్యుమెంటరీ చిత్రాన్ని ఆధారంగా చేసుకొని ఈ అంశాన్ని పరిశీలిద్దాం.

పాఠం

'అభిమానం' సంస్కృత పదం. మూలభాషలో దీనికి గర్వం, అహంకారం అనే అర్థాలు ప్రధానమైనవి. తెలుగులోకి వచ్చిన తరువాత ప్రేమ, ఆదరం అనే అర్థాలు బలపడ్డాయి. ఇటువంటి మార్పునే భాషాశాస్త్రంలో అర్థవిపరిణామం అంటారు. సినిమా వచ్చిన తరువాత 'అభిమాని' అనే మాటకు మరొక అర్థచ్ఛాయ ఏర్పడింది. నచ్చిన నటుని చిత్రం విడుదలైన రోజున తెల్లవారకముందే థియేటరు చేరుకొనేవాడు, ఎత్తైన కటౌటుకు పూలదండ వేసేవాడు, తెరపై కథానాయకుడు కనిపించగానే కాగితపు ముక్కలు వెదజల్లేవాడు మన ఊళ్లలో అభిమాని. ఈ అభిమానంలో ఉత్సాహం ఉంది, ఆత్మీయత ఉంది. అయితే తనకు నచ్చిన చిత్రం ఎలా తయారైందో చేసి చూసి తెలుసుకోవాలని అభిమాని పూనుకొంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అమెరికాలోని మిసిసిపి రాష్ట్రానికి చెందిన ముగ్గురు బాలుర జీవితం సమాధానం చెబుతుంది.

1981 జూన్ నెలలో 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' అనే చిత్రం అమెరికాలో విడుదలయింది. జార్జ్ లూకాస్ కథాకల్పన, స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వం, హారిసన్ ఫోర్డ్ నటన దానికి జీవం పోశాయి. ఇండియానా జోన్స్ అనే పురావస్తు పరిశోధకుడు బైబిలులో చెప్పిన నిబంధన మందసాన్ని వెదకుతూ బయలుదేరడం, దాని కోసమే వచ్చిన నాజీలతో తలపడడం ఇందులోని కథ. దొర్లివచ్చే బండరాయి, పాములతో నిండిన గుంట, ఎడారిలో లారీల వెంటాట మొదలైన ఘట్టాలు ప్రేక్షకులను ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టాయి. తరువాత 1984, 1989, 2008, 2023 సంవత్సరాలలో ఈ కథానాయకునితోనే మరి నాలుగు చిత్రాలు వచ్చాయి.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉంది. ఈ చిత్రం కూడా ఒక అభిమానం నుండే పుట్టింది. 1930, 40 దశకాలలో అమెరికా థియేటర్లలో వారం వారం ఒక్కొక్క భాగంగా ప్రదర్శించిన సాహస ధారావాహికలంటే లూకాస్‌కు మక్కువ. వాటి వేగాన్ని, ఉత్కంఠను కొత్త తరానికి అందించాలనే కోరికతో ఆయన ఈ కథను ఊహించాడు. స్పీల్‌బర్గ్ కూడా బాల్యంలోనే చిన్న కెమెరా చేతబట్టి ఇంటివారిని, స్నేహితులను నటులుగా చేసుకొని చిత్రాలు తీసినవాడే. చూసి ఆనందించిన దానిని మరల సృష్టించాలనే తపన ఈ విధంగా ఒక తరం నుండి మరొక తరానికి సంక్రమించింది.

ఆ తపన క్రిస్ స్ట్రాంపొలోస్ అనే బాలుని చేరింది. 1982 నాటికి అతనికి పదకొండేళ్లు. పాఠశాల బస్సులో పరిచయమైన ఎరిక్ జాలా అతనికంటె కొంచెం పెద్దవాడు. తనకు నచ్చిన చిత్రాన్ని మొదటి దృశ్యం నుండి చివరి దృశ్యం వరకు యథాతథంగా తిరిగి తీయాలన్న కోరికను క్రిస్ బయటపెట్టగా ఎరిక్ వెంటనే అంగీకరించాడు. మారువేషాలు, కనికట్టు వంటి విద్యలపై ఆసక్తి గల జేసన్ లాంబ్ వారితో చేరాడు. క్రిస్ కథానాయకుడయ్యాడు. ఎరిక్ దర్శకత్వంతోపాటు ప్రతినాయకుని పాత్ర స్వీకరించాడు. కెమెరా, వేషధారణ, ప్రత్యేక ప్రభావాలు జేసన్ వంతు. ఒక వేసవిలో పని ముగుస్తుందని వారు భావించారు. అది ముగిసేసరికి ఏడేళ్లు గడిచాయి.

వారు పనిచేసిన పద్ధతి పరిశీలింపదగినది. ఆనాటికి ఆ చిత్రం వీడియో క్యాసెట్టు రూపంలో అందుబాటులోకి రాలేదు. ఒక దృశ్యాన్ని ఆపి, వెనక్కి తిప్పి చూసుకొనే వీలు లేదు. చిత్రం థియేటరులో తిరిగి ప్రదర్శింపబడినప్పుడు వెళ్లి సంభాషణలను, ధ్వనులను రహస్యంగా టేపులో నింపుకొన్నారు. పుస్తకాలలో, పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రాలను సేకరించారు. మిగిలినదంతా జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఎరిక్ ఆరువందలకు పైగా బొమ్మలుగా గీశాడు. ప్రతి బొమ్మా ఒక దృశ్యానికి నమూనా. ఎవరు ఎక్కడ నిలవాలి, కెమెరా ఎటు చూడాలి అనే వివరాలు అందులో ఉంటాయి. సినీపరిశ్రమలో దీనిని స్టోరీబోర్డు అంటారు. ఆ విద్యను వారు ఏ పాఠశాలలోనూ నేర్చుకోలేదు. అవసరమే వారికి నేర్పింది.

డబ్బు విషయంలోనూ అంతే. మూలచిత్రానికి కోట్ల డాలర్లు ఖర్చయింది. వీరి పెట్టుబడి చేతిఖర్చుకు ఇచ్చిన సొమ్ము. పుట్టినరోజులకు, క్రిస్మసుకు ఏ కానుక కావాలని పెద్దలు అడిగితే టోపీ, కొరడా, దుస్తులు వంటి చిత్రీకరణ సామగ్రిని కోరుకొన్నారు. తమ ఇంటి నేలమాళిగనే ఒకసారి నేపాలులోని మద్యశాలగా, మరొకసారి ఈజిప్టులోని నేలగుహగా మార్చారు. మూలచిత్రంలోని కోతి స్థానంలో క్రిస్ పెంపుడు కుక్క నటించింది. బండరాయి తయారీ వారిని ఎంతో కాలం బాధించింది. క్రిస్ గదిలో శ్రమపడి తయారుచేసిన మొదటి రాయి తలుపు గుండా బయటకు రాలేదు. పలు విఫల ప్రయత్నాల తరువాత ఫైబర్‌గ్లాసుతో చేసిన రాయి పని నెరవేర్చింది. జలాంతర్గామి ఘట్టం కోసం అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ప్రదర్శనశాలగా నిలిపి ఉంచిన యుద్ధనౌక మీద చిత్రీకరించేందుకు అనుమతి సంపాదించారు.

అయితే ఈ ప్రయత్నంలో మెచ్చుకోదగనివి కూడా ఉన్నాయి. నేలమాళిగలో అగ్నిప్రమాద దృశ్యాన్ని నిజమైన మంటలతోనే తీశారు. ఎరిక్ వీపు మీద దుస్తులకు నిప్పంటుకొంది. మరొక సందర్భంలో ముఖానికి అచ్చు తీయడానికి తగని ప్లాస్టరు వాడడం వలన అది ఎరిక్ ముఖానికి గట్టిగా పట్టుకొని, ఆసుపత్రికి తీసుకొనిపోవలసి వచ్చింది. మంటల దృశ్యాలను చూసిన తల్లులు భయపడి చిత్రీకరణను నిలిపివేయించారు. పెద్దవారి పర్యవేక్షణ ఉంటేనే తిరిగి అనుమతించారు. ఉత్సాహానికి వివేకం తోడు కాకపోతే ఎంత అనర్థం కలుగుతుందో ఈ సంఘటనలు తెలుపుతాయి.

1989లో చిత్రం ముగిసింది. దృశ్యాలను కథాక్రమంలో కాక వీలునుబట్టి తీయడం వలన అందులో ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒక దృశ్యంలో కథానాయకుడు బాలుడు. మరుదృశ్యంలో గొంతు మారిన యువకుడు. ఆ తరువాత మరల బాలుడు. లోపమని చెప్పదగిన ఈ అంశమే ఆ చిత్రానికి ప్రత్యేకతను కలిగించింది. మూలచిత్రంలో లేని కథ ఒకటి ఇందులో చేరింది. అది ముగ్గురు పిల్లలు పెరిగి పెద్దవారయిన కథ. ఇంతా చేసి వారు తీయలేక విడిచిన ఏకైక సన్నివేశం విమానం వద్ద జరిగే పోరాటం. గిరగిర తిరిగే విమానాన్ని, దాని పేలుడును సృష్టించడం పిల్లల శక్తికి మించిన పని అయింది.

సొంత ఊరిలో చిత్రాన్ని ఒకసారి ప్రదర్శించి, ఎవరి దారిన వారు పోయారు. క్యాసెట్టు ప్రతులు మాత్రం చేతులు మారాయి. అలా చేరిన ఒక ప్రతిని 2002 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక చలనచిత్రోత్సవంలో కొంతసేపు ప్రదర్శించారు. ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు. మరొక పెద్ద చిత్రం కోసం దీనిని మధ్యలో ఆపినప్పుడు నిరసన తెలిపారు. ఆ ప్రతి స్పీల్‌బర్గ్‌కు చేరింది. ఆయన ముగ్గురినీ అభినందిస్తూ లేఖలు వ్రాశాడు. 2003లో ఆస్టిన్ నగరంలోనే పూర్తి చిత్రం ప్రదర్శింపబడింది. పద్నాలుగేళ్ల తరువాత వారి శ్రమకు గుర్తింపు లభించింది.

మూలచిత్రం హక్కులు వీరివి కావు. కనుక దీనిని వ్యాపార వస్తువుగా విక్రయించే అధికారం వీరికి లేదు. పలు ప్రదర్శనలు ధర్మకార్యాలకు నిధులు సేకరించేందుకు జరిగాయి. అభిమానానికీ పరుల సొత్తుకూ నడుమ ఉండవలసిన హద్దును విద్యార్థులు ఈ సందర్భంలో గుర్తించాలి.

జెరెమీ కూన్, టిమ్ స్కౌసెన్ అనే దర్శకులు ఈ కథను 'రైడర్స్!' అనే పేరుతో డాక్యుమెంటరీగా రూపొందించారు. 2015లో ఇది తొలిసారి ప్రదర్శింపబడింది. మిగిలిపోయిన విమాన సన్నివేశాన్ని పూర్తి చేయాలని నడివయస్సుకు చేరిన మిత్రులు సంకల్పించడం ఈ డాక్యుమెంటరీకి వెన్నెముక. 2014లో ప్రజల నుండి ఇంటర్నెట్ ద్వారా యాభైవేల డాలర్లకు పైగా విరాళాలు సేకరించి, మిసిసిపిలోనే విమాన నమూనాను నిర్మించారు. ఎడతెరిపి లేని వానలు పనిని ఆపాయి. అనుకొన్న సెలవు గడిచిపోతుంటే ఎరిక్ తన పై అధికారికి ఫోనులో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అనుకొన్న సమయంలో జరగని పేలుడు, నిపుణుడు పరీక్షించేందుకు దగ్గరకు వెళ్లినప్పుడు సంభవించింది. ఆయన ప్రాణాపాయం నుండి బయటపడ్డాడు. చివరకు సన్నివేశం పూర్తయింది.

ఈ డాక్యుమెంటరీ విలువ పొగడ్తలో లేదు. నిజాన్ని దాచకపోవడంలో ఉంది. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్లలో పెరిగిన క్రిస్, ఎరిక్‌లకు ఆ చిత్రనిర్మాణం ఒక ఆశ్రయం అయిందని అది చూపుతుంది. అదే చిత్రం వారి మధ్య కలహాలకు కారణమైందని, మిత్రులు కొన్నేళ్లు దూరంగా గడిపారని, క్రిస్ కొంతకాలం మాదకద్రవ్యాలకు లోబడ్డాడని చెబుతుంది. తన కృషికి తగిన స్థానం దక్కలేదన్న జేసన్ ఆవేదనను కూడా వినిపిస్తుంది. ఒక చిత్రం కోసం ఇంత మూల్యం చెల్లించడం తగునా అనే ప్రశ్నను అది ప్రేక్షకులకే విడిచిపెడుతుంది.

ఈ కథ వింటే మనకు మహాభారతంలోని ఏకలవ్యుడు గుర్తుకు రాక మానడు. ద్రోణుడు శిష్యునిగా స్వీకరించకపోగా, మట్టితో గురుని ప్రతిమ చేసుకొని దాని ఎదుట అతడు విలువిద్యను అభ్యసించాడు. మిసిసిపి బాలురకు చిత్రమే ప్రతిమ. దర్శకుడు కనిపించని గురువు. అక్కడ గురువు బొటనవ్రేలు అడిగాడు. ఇక్కడ గురువు మెప్పుతో లేఖ పంపాడు. ఫలితం వేరైనా సాధన ఒక్కటే.

అనుకరణ హీనమైనదని కొందరు తలుస్తారు. సంగీత విద్యార్థి గురువు పాడినట్లే పాడి స్వరం నేర్చుకొంటాడు. చిత్రకారుడు గొప్పవారి బొమ్మలు చూచి గీసి రేఖ నేర్చుకొంటాడు. అనుకరణ గమ్యమైతే లోపమే, మార్గమైతే విద్య. ఆ బాలురు మూలచిత్రాన్ని మించినది తీయలేదు. కాని ఒక దృశ్యం వెనుక ఎంత ఆలోచన, ఎంత శ్రమ, ఎంతమంది సహకారం ఉంటాయో తెలుసుకొన్నారు.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోని ఫోనులోనూ కెమెరా ఉంది. కోరిన చిత్రాన్ని ఎన్నిసార్లయినా ఆపి చూడవచ్చు. ఆనాటి బాలురకు లేని సౌకర్యాలన్నీ ఉన్నాయి. ప్రారంభించిన పనిని ఏడు వేసవుల పాటు విడువని పట్టుదల మాత్రం ఏ పరికరంతోనూ లభించదు. దానిని ఎవరికి వారే అలవరచుకోవాలి.

కఠిన పదాలకు అర్థాలు

అర్థవిపరిణామం = పదం అర్థంలో వచ్చే మార్పు
మందసం = పెట్టె
ధారావాహిక = భాగాలుగా వరుసగా వచ్చే కథ
నేలమాళిగ = భూమి లోపల ఉండే గది
కనికట్టు = ఇంద్రజాలం
అనర్థం = కీడు

అభ్యాసం

1. 'అభిమానం' అనే పదంలో వచ్చిన అర్థవిపరిణామాన్ని వివరించండి.
2. మూలచిత్రాన్ని ఆపి చూసే వీలు లేని కాలంలో బాలురు దృశ్యాలను ఎలా గుర్తుంచుకొన్నారు?
3. దృశ్యాలను కథాక్రమంలో తీయకపోవడం వలన చిత్రంలో ఏర్పడిన విచిత్రం ఏమిటి?
4. "అనుకరణ గమ్యమైతే లోపమే, మార్గమైతే విద్య." ఈ వాక్యాన్ని మీకు తెలిసిన ఉదాహరణలతో సమర్థించండి లేదా ఖండించండి.
5. కింది పదాలను విడదీసి సంధుల పేర్లు వ్రాయండి: ప్రాణాపాయం, చలనచిత్రోత్సవం, ఏకైక.