చేసి నేర్చుకొను చదువు

కోతలు ముగిసిన తరువాత సూర్యాపేట వ్యవసాయ మార్కెట్టుకు వెళ్లి చూడండి. ధాన్యపు రాసులు, కాటాలు, బస్తాలు మోయు హమాలీలు కనిపింతురు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింద పండిన వడ్లు మిల్లులకు తరలుచుండును. ఇంత సందడిలో ఒక ప్రశ్న దాగియున్నది: ఏ రైతు ఎంత ధాన్యము తెచ్చెను? అతనికి సొమ్ము ముట్టినదా? దీనికి తప్పులేని జవాబు చెప్పగల ఏర్పాటునే సమాచార వ్యవస్థ అందురు. కంప్యూటరు అందులో ఒక భాగము మాత్రమే. మనుష్యులు, పద్ధతులు, చీటీలు కూడ అందులోనివే.

ఎం.సి.ఏ. వంటి తరగతులలో ఈ విద్యకు ఉపన్యాసమొక్కటే చాలదు. పుస్తకములోని లెక్కకు కావలసిన అంకెలన్నియు ముందే ఇచ్చియుందురు. లోకములో ఏ అంక�ె కావలెనో మనమే కనిపెట్టవలెను. నిజమైన పనిని చేపట్టి, దానిని నెరవేర్చుటలోనే విద్య గడించుటను ప్రాజెక్టు పద్ధతి అందురు. అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1918లో దీనిని వివరించెను.

నలుగురు విద్యార్థులు ధాన్యపు కొనుగోలు లెక్కలకు వ్యవస్థ కట్టబూనిరనుకొందము. రైతు పేరునే గుర్తుగా పెట్టుకొనిరి. ఊరిలో ఇద్దరు వెంకయ్యలున్నచో కంప్యూటరు ఇద్దరిని ఒక్కరుగా ఎంచును. ఒకరి సొమ్ము మరొకరి ఖాతాకు పోవును. ప్రతి వరుసను వేరుగా గుర్తించు ‘కీ’ ఎందుకు అవసరమో అప్పుడు బోధపడును. 1970లో కాడ్ ప్రతిపాదించిన పట్టికల సిద్ధాంతములో ఇది ముఖ్యాంశము.

మరియొకటి. ప్రభుత్వ కొనుగోలులో వడ్ల తేమ 17 శాతము మించరాదు. పట్టికలో తూకము మాత్రమే వ్రాసినచో, ‘నా వడ్లు ఎందుకు త్రిప్పి పంపిరి?’ అను రైతుకు జవాబుండదు. తేమ ఎంత, ఎవరు కొలిచిరి, ఎప్పుడు కొలిచిరి అనునవి కూడ వ్రాయవలెను. ఈ సంగతి కాటా దగ్గరి మనిషిని అడిగిననే తెలియును.

ఈ పద్ధతిలో చిక్కులు లేకపోలేదు. ఒకడు పనిచేయగా ముగ్గురు సంతకములు పెట్టవచ్చును. బజారులో కొన్న ప్రాజెక్టును తెచ్చి చూపువారును కలరు. అందుచేత వారము వారము పని దినచర్య చూడవలెను. ఒకరి భాగముపై మరొకరిని ప్రశ్నింపవలెను. తుదకు దానిని వాడువారి చేతనే పరీక్ష చేయింపవలెను.

దీనికి కళాశాల వరకు ఆగనక్కరలేదు. మీ పాఠశాల గ్రంథాలయపు రిజిస్టరు తెరచి, ఏ పుస్తకము ఎవరి వద్దనున్నదో ఒక్క నిమిషములో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోయినచో మీ మొదటి ప్రాజెక్టు దొరికినట్లే.