చిన్న ట్రాక్టర్‌కు పెద్ద ట్రాలీ తగిలిస్తున్నారా? లాగడం కాదు, ఆపడం లెక్క చూడండి

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు బండితో పని ఎక్కువే. ఆవుల్ని తెచ్చుకోవాలి, పేడ తోలుకోవాలి, జీవామృతం డ్రమ్ములు దూరం చేలకు చేర్చాలి. మనలో చాలామంది దగ్గర ఉండేది 20 నుంచి 30 హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టర్. దానికి ఏ ట్రాలీ సరిపోతుంది, ఎంత బరువు వేయొచ్చు అన్నది ఈ వీడియోలో చూపించాను. వీడియోలో లెక్కలు తొందరగా వెళ్లిపోయాయి, అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. నేను వ్యవసాయ డిప్లొమా చదివాను. ట్రాక్టర్ భాగాలు, హెచ్‌పీ, పీటీఓ అన్నీ పరీక్షల్లో రాసి పాసయ్యాను. అయినా ఈ తప్పు చేశాను.

మాది మదనపల్లె వైపు, ఎగుడు దిగుడు నేల. నాకున్నది 24 హెచ్‌పీ ట్రాక్టర్. పక్క ఊళ్లో ఒకాయన 45 హెచ్‌పీ ట్రాక్టర్ అమ్మేసి, దాని ట్రాలీని తక్కువ ధరకు ఇస్తానన్నాడు. రెండు చక్రాల ట్రాలీ, 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. తగిలించి చూస్తే నా బండి సులువుగా లాగింది. లాగుతోంది కదా అని కొనేశాను.

పోయిన ఏడాది పుంగనూరు అవతల నుంచి మూడు నాటు ఆవుల్ని తెస్తున్నాను. ముందు వైపు చొప్ప మోపులు వేసి, ఆవుల్ని వెనక వైపు కట్టాం. మా నాయన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఒక మట్టి దిగుడు దగ్గర బండి వేగం పెరిగింది. నేను క్లచ్చు తొక్కి బ్రేకు వేశాను. వెనక చక్రాలు ఆగాయి గానీ బండి ఆగలేదు, జారుతూనే ఉంది. ట్రాలీ వెనక నుంచి నెట్టింది, ట్రాక్టర్ అడ్డం తిరిగి గట్టుకు కొట్టుకుంది. మా నాయన కిందపడ్డాడు, మోచేయి విరిగింది. ఒక ఆవుకు మోకాళ్లు గీరుకుపోయాయి. ఆ పెద్ద చక్రం ఆయన పక్కనే ఆగింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

బ్రేకులు పాడయ్యాయనుకుని మెకానిక్‌కు చూపించాను. ఆయన తొక్కి చూసి, "బ్రేకులు బాగానే ఉన్నాయన్నా, నీ ట్రాలీ కాటా ఎప్పుడైనా వేయించావా?" అని అడిగాడు. వేయించలేదు. ఆ తర్వాత వేయించాను. అసలు సంగతి అక్కడ తెలిసింది.

హెచ్‌పీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

హెచ్‌పీ అంటే ఇంజన్ బలం. కింది గేరులో చిన్న ఇంజన్ కూడా పెద్ద బరువును కదిలిస్తుంది. కానీ బండిని ఆపేది ఇంజన్ కాదు, నేలను పట్టుకునే చక్రాలు. మన ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. మన ట్రాలీలకు చాలావరకు బ్రేకులే ఉండవు. అంటే ట్రాక్టర్, ట్రాలీ, ఆవులు అన్నిటినీ ఆపే భారం ఆ రెండు వెనక టైర్ల మీదే పడుతుంది.

నా బండి లెక్క ఇది:

- ట్రాక్టర్ బరువు: 1100 కిలోలు
- ఖాళీ ట్రాలీ: 1150 కిలోలు
- మూడు ఆవులు, ఒక్కోటి సుమారు 350 కిలోలు: 1050 కిలోలు
- చొప్ప: సుమారు 100 కిలోలు

ట్రాలీ, దానిలో ఉన్నది కలిపి 2300 కిలోలు. ట్రాక్టర్‌తో కలిపి 3400 కిలోలు.

పది అడుగుల దూరానికి ఒక అడుగు దిగే దారి అనుకోండి. అలాంటి దిగుడులో మొత్తం బరువులో పదో వంతు బండిని కిందికి నెడుతుంది. అంటే 340 కిలోలు. ఇక ఆపే బలం ఎంత? ట్రాక్టర్ బరువులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీద ఉంటుంది, అంటే 660 కిలోలు. మట్టి, గులకరాళ్ల దారిలో టైరు పట్టు అందులో సగం అనుకుంటే 330 కిలోలు. నెట్టేది 340, పట్టుకునేది 330. ఇంక బండి ఎలా ఆగుతుంది? నేను బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా అంతే.

హుక్కు మీద ట్రాలీ బరువు కొంత పడితే వెనక టైర్లకు కాస్త పట్టు పెరుగుతుంది. నేను ఆవుల్ని వెనక కట్టి అదీ పోగొట్టుకున్నాను. రెండు చక్రాల ట్రాలీలో వెనక బరువు ఎక్కువైతే ముందు భాగం పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక భాగాన్ని కూడా పైకి లేపుతుంది.

ఎంత బరువు వేయొచ్చు?

కొన్ని ట్రాక్టర్ల పుస్తకాల్లో ఒక సూత్రం ఉంటుంది. బ్రేకులు లేని ట్రాలీ అయితే, సరుకుతో కలిపి దాని బరువు ట్రాక్టర్ బరువుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. ఆ వేగం కూడా గంటకు 32 కిలోమీటర్లు మించకూడదు. మీ పుస్తకంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి.

నా ట్రాక్టర్‌కు ఆ లెక్కన 1650 కిలోలు. ఖాళీ ట్రాలీయే 1150. మిగిలింది 500 కిలోలు, అంటే ఒకే ఒక ఆవు! నేను మూడు ఎక్కించాను. నిజానికి తప్పు ఆ రోజు చేసింది కాదు, ఆ ట్రాలీ కొన్న రోజే చేశాను.

ఒకటిన్నర రెట్లు అన్నది గరిష్ఠ హద్దు. దిగుళ్లు ఉన్న మా దారుల్లో నేను ఇప్పుడు ట్రాక్టర్ బరువు దాటనివ్వను. పెద్ద ట్రాలీ అమ్మేసి, 500 కిలోల చిన్నది చేయించుకున్నాను. 1100లో 500 పోతే 600 కిలోల సరుకు. 300 కిలోల చిన్న ఆవులు రెండు, లేదా రెండు జీవామృతం డ్రమ్ములు. ట్రిప్పులు పెరిగాయి, డీజిల్ కాస్త ఎక్కువైంది. మా నాయన చేతికి అయిన ఖర్చుతో పోలిస్తే అది లెక్కే కాదు.

సరుకు బరువు గుర్తుపెట్టుకోండి

- 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము: నీళ్లే 200 కిలోలు. పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపి 215 నుంచి 220 కిలోలు.
- ఒంగోలు ఆవు: 430 నుంచి 450 కిలోలు. పుంగనూరు ఆవు అందులో సగం కూడా ఉండదు. "రెండు ఆవులు" అని కాదు, ఏ ఆవులు అన్నది చూడాలి.
- పచ్చి పేడ: దాదాపు నీళ్లంత బరువు. ఎండిన దిబ్బ ఎరువు తేలిక. వానలో తడిసిన ఎరువుతో అదే ట్రాలీ నింపితే బరువు చాలా పెరుగుతుంది.

చోటు లెక్క కూడా ఉంది. పశువుల్ని తీసుకెళ్లే బండ్లలో ఒక్కో ఆవుకు కనీసం 2 చదరపు మీటర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఇరవై ఒకటిన్నర చదరపు అడుగులు. నా పాత 10 బై 6 ట్రాలీలో కూడా రెండు ఆవులకే చోటు.

ప్రాణమున్న బరువు వేరు

సిమెంటు బస్తా వేసిన చోటే ఉంటుంది. ఆవు కదులుతుంది, మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, బెదిరితే వెనక్కి జరుగుతుంది. అమెరికాలో గుర్రాల్ని ట్రైలర్లలో తీసుకెళ్లేవాళ్లు కూడా ఈ జాగ్రత్తే పాటిస్తారు. బండికి వెనక తగిలించే మామూలు ట్రైలర్ అయితే, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా గుర్రాల్ని నిలబెడతారు. మన రెండు చక్రాల ట్రాలీకి కూడా ఇది మంచి గుర్తు. 1100 కిలోల ట్రాలీ అయితే 110 నుంచి 165 కిలోలు. మరీ ముందుకు వేసినా ప్రమాదమే. ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. స్టీరింగు తేలికైనట్టు అనిపిస్తే అక్కడే ఆపి బరువు వెనక్కి జరపండి.

అందుకే ఆవుల్ని ఇరుసుకు కాస్త ముందుగా, మధ్యలో అడ్డు కర్ర పెట్టి కట్టండి. కింద గడ్డి లేదా ఇసుక పరవండి, జారవు. డ్రమ్ములైతే నిండుగా ఉండాలి లేదా ఖాళీగా ఉండాలి. సగం డ్రమ్ములో నీళ్లు ఊగి ట్రాలీని ఊపేస్తాయి.

దారిలో పాటించాల్సినవి

1. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయండి. పొలంలో విడదీసి అలాగే మర్చిపోతే ఒక చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది.
2. దిగుడు మొదలయ్యే ముందే కింది గేరు వేయండి. ఆ దారి ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే.
3. దిగుడులో క్లచ్చు తొక్కకండి, న్యూట్రల్ చేయకండి. క్లచ్చు తొక్కితే ఇంజన్ పట్టు పోతుంది. నేను చేసిన రెండో తప్పు ఇదే.
4. హుక్కును కింది డ్రాబార్‌కే తగిలించండి. పైన తగిలిస్తే ఎగుడులో ముందు చక్రాలు లేస్తాయి. పిన్నుకు క్లిప్పు, అదనంగా ఒక గొలుసు ఉండాలి.
5. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. బరువుతో ఉన్నప్పుడు తొందర వద్దు.
6. మడ్‌గార్డు మీద, ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకండి. కూలీలకు వేరే బండి చూడండి.

ఈ వారం ఒక్క పని చేయండి. ఖాళీ ట్రాలీని కాటా వేయించి, ఆ బరువును ట్రాలీ ముందు పలక మీద పెయింటుతో రాయండి. పక్కనే మీ ట్రాక్టర్ బరువు కూడా రాయండి. రెండూ కళ్ల ముందు ఉంటే, సరుకు ఎక్కించేటప్పుడు ఎవరూ "ఇంకోటి పడుతుందిలే" అనరు. మా ట్రాలీ మీద ఆ అంకెలు రాసింది మా నాయనే, కట్టు విప్పిన వారానికి.