నోరు మానింది, ఒళ్ళు మానలేదు

"బాగానే ఉందిగా, అందుకే మానేశా." చీరాలలో మందుల షాపు పెట్టుకున్న నాకు ఈ మాట వినబడని రోజు లేదు. బీపీ బిళ్ళల సంగతే ఇది. అనేవాళ్ళేమీ అమాయకులు కారు. పడుగులో ఒక్క పోగు తప్పినా పట్టేసే నేతగాళ్ళు, కాగితం కలం లేకుండా వడ్డీ లెక్కగట్టే వ్యాపారులు. ఊళ్ళో ఎవర్నైనా మోసం చేయొచ్చుగానీ వీళ్ళని చేయలేం. మరి బిళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆమ్లోడిపిన్ అని చాలామంది వాడే బీపీ మందు ఉంది. అది ఒంట్లోంచి ఓ పట్టాన పోదు. ఉన్న మందులో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. సోమవారం మానేసి బుధవారం బీపీ చూపించుకుంటే అంకె మామూలుగానే ఉండొచ్చు. "మానేశా, పెరగలేదు, కాబట్టి అక్కర్లేదు" అనుకుంటాడా మనిషి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నోరు మానిందిగానీ ఒళ్ళు ఇంకా మానలేదు. అంకె మళ్ళీ మెల్లగా పైకెక్కే రోజుల్లో ఎవరూ చూపించుకోరు, ఎందుకంటే పరీక్ష అయిపోయిందిగా!

దీనికి తోడు తలనొప్పి లెక్క ఒకటి. తల నొయ్యట్లేదు, కళ్ళు తిరగట్లేదు, కాబట్టి బీపీ లేదు అంటారు. 140/90 దాటిన బీపీ చాలామందిలో ఏ కబురూ చెప్పదు. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా మూత్రపిండాల్నీ గుండెనీ మెదడులోని రక్తనాళాల్నీ దెబ్బతీస్తుంది. మిషను పెట్టి చూస్తే తప్ప తెలియదు.

పచ్చకామెర్లకు పసరు కథా ఇలాంటిదే. కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందికి కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గేవే, పోయకపోయినా తగ్గేవే. పేరు మాత్రం పసరుకి. తగ్గినవాళ్ళు పది ఊళ్ళకు చెబుతారు. తగ్గనివాళ్ళు ఆస్పత్రికి పోతారుగానీ, వెనక్కొచ్చి పసరాయనకు కబురు చెప్పరు. పైత్యరస నాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకు కూడా పసరు అంటూ వారాలు గడిపేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఏ మందు విషయంలోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది చేయకపోతే ఏమయ్యేది? 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ ఓడ డాక్టరు ఈ పనే చేశాడు. చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బుతో పడున్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరిగా విడదీసి, ఒక్కో జతకి ఒక్కో వైద్యం చేశాడు. నారింజలూ నిమ్మపళ్ళూ తిన్న జత త్వరగా లేచి తిరిగింది. మిగతా ఐదు జతలు పక్కన లేకపోతే ఆ పళ్ళ గొప్ప తేలేది కాదు.

ఇంట్లో మనకి పన్నెండు మంది దొరకరు. పుస్తకం మాత్రం దొరుకుతుంది. రోజూ ఒకే వేళకి, ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నాక, కాఫీ తాగినా బీడీ కాల్చినా అరగంట దాటాక బీపీ చూసి, అంకె రాసిపెట్టుకోవాలి. మనసు గుర్తుంచుకునేది తనకి నచ్చిన రోజునే. పుస్తకానికి ఆ జబ్బు లేదు.

ఇక కావాలని మానేవాళ్ళు కాక, మరిచిపోయేవాళ్ళు. ఇది మన బద్ధకమే అనుకోనక్కర్లేదు. డబ్బున్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బుల మందులు సరిగ్గా వాడేది సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. మరుపుకి విరుగుడు అలవాటు చేసుకోవడమే.

"ఇరవయ్యొక్క రోజులు చేస్తే అలవాటైపోతుందటగా?" అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఆ 21 మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోది. ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ఆ "కనీసం" దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని తీసుకుని, భోజనంతో పండు తినడం, నీళ్ళు తాగడం, పరుగెత్తడం లాంటి అలవాట్లు కుదరడం గమనించింది. మధ్యస్థంగా తేలింది 66 రోజులు. కొందరికి 18 సరిపోతే, కొందరికి లెక్క 254 దాకా పోయింది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి: మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటేమీ చెడిపోలేదు. ఒకరోజు మరిచిపోయి "ఇక మనవల్ల కాదు" అని బిళ్ళల షీటు అటకెక్కించేవాళ్ళు ఇది వినాలి.

నేను మా షాపులో "గుర్తుపెట్టుకోండి" అనడం మానేశాను. "ఏ పని కాగానే వేసుకుంటావు బాబాయ్?" అని అడుగుతాను. నేతపని చేసే ఒకాయన ఆలోచించి, "మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు" అన్నాడు. దానికన్నా మంచి జవాబు నేను చెప్పలేను. ఆయనకి రోజూ తప్పని పని అదే. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాల సారం కూడా ఇదే: "చేస్తాను" అనుకున్నవాళ్ళకన్నా "ఫలానా పని కాగానే చేస్తాను" అనుకున్నవాళ్ళు ఎక్కువగా చేస్తారు.

ఎంచుకునే పని ఏడు రోజులూ ఉండేదై ఉండాలి. టిఫిన్‌తో ముడిపెట్టిన బిళ్ళ శనివారం ఉపవాసంతో పోతుంది. ముఖం కడుక్కోవడానికి ఉపవాసం ఉండదు. అలాగని షీటుని స్నానాలగదిలో పెట్టకండి, తేమకి మందు పాడవుతుంది. షుగర్ బిళ్ళల్లో కొన్ని తిండితోనే వేసుకోవాలి కాబట్టి వాటి వేళ మార్చేముందు అడగండి.

బిళ్ళ అక్కర్లేదనిపిస్తే అంకెల పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, తగ్గించాలో ఆపాలో ఆయన చూసి చెబుతాడు. అటెనొలాల్ లాంటి బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు. ఇంకో మాట, షీటు కత్తిరించేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కని చివరిదాకా ఉంచండి. పేరు లేని రెండు బిళ్ళలు చేతిలో పెట్టి "ఇవే ఇవ్వు" అంటే ఏ షాపువాడూ ఇవ్వకూడదు.