చిన్నపిల్లలకు అక్షరాలు: ఏది ముందు, ఏది వెనక

అక్షరం రావడమంటే పిల్లలకు ఒక పని కాదు, మూడు పనులు. చెవి ఆ ధ్వనిని విడిగా పట్టుకోవాలి, కన్ను ఆకారాన్ని పోల్చుకోవాలి, చెయ్యి దాన్ని గీయాలి. ఈ మూడూ ఒకే వయసులో, ఒకే వేగంతో రావు. అన్నిటికన్నా ఆలస్యంగా కుదురుకునేది చెయ్యి. అయినా చాలా ఇళ్లలో చదువు దానితోనే మొదలవుతుంది.

చెవి పనికి పుస్తకం అక్కర్లేదు. ‘పలక’ అనే మాటను ప-ల-క అని మూడు చప్పట్లతో విడదీయడం మూడు, నాలుగేళ్ల పిల్లలకు మంచి ఆట. తెలుగు లిపిలో చాలావరకు ఒక్కో చప్పట్టుకు ఒక్కో అక్షరం సరిపోతుంది కాబట్టి ఈ ఆట తర్వాత చదవడానికి నేరుగా పనికొస్తుంది. పాలు, పిల్లి, పువ్వు ఒకే ధ్వనితో మొదలవుతున్నాయని పసిగట్టిన పిల్లకు ‘ప’ను చూపిస్తే, ఆ గీతకు ఒక అర్థం ఉంటుంది. అది తెలియని పిల్లకు ‘ప’ ఒక బొమ్మ మాత్రమే.

ఇక వరస సంగతి. వర్ణమాల శాస్త్రీయంగా అమరింది. క వర్గం గొంతు దగ్గర పుడితే, ప వర్గం పెదవుల మీద ముగుస్తుంది. పాడుకోవడానికి, పెద్దయ్యాక నిఘంటువు తిరగెయ్యడానికి ఆ వరస చక్కగా ఉంటుంది. రాయడం నేర్పడానికి మాత్రం అంత అనువైంది కాదు. మొట్టమొదటి ‘అ’యే లేతచేతికి కష్టమైన ఆకారం. పైగా అచ్చులు మాట మొదట్లో తప్ప అరుదుగా కనిపిస్తాయి. నెలల తరబడి అచ్చులన్నీ దిద్దిన పిల్లవాడు ఆ, ఈ, ఏ లాంటివి తప్ప చదవగలిగే మాటే ఉండదు. ‘అ అమ్మ’ అన్న మొదటి పాఠంలో మరో తిరకాసు ఉంది. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, అన్నింటిలోనూ వత్తులున్నాయి. వత్తులు చెప్పేది అన్నిటికన్నా చివర. అందుకే ‘అమ్మ’ను, పిల్లల సొంత పేరును మొదట విడదీయకుండా బొమ్మలా గుర్తుపట్టనివ్వడమే మేలు.

ఆకారాన్ని బట్టి వెళ్తే దారి సులువవుతుంది. దాదాపు సున్నాలా గుండ్రంగా చుట్టి తలకట్టు పెడితే ‘ర’. వంపు తిప్పి తలకట్టు పెడితే ‘గ’. వీటికి ప, ల, క, డ, వ, త, ద కలిస్తే తల, వల, గద, పలక, పడవ, గడప, వరద తయారు. గుణింతం ఒక్కటీ రాకముందే పిల్లలు నిజమైన మాటలు చదివేస్తారు, అవీ ఇంట్లో వినిపించే మాటలే. ఋకు ఋషినీ, ఖకు ఖడ్గాన్నీ, ఢకు ఢంకానూ నాలుగేళ్లకే పరిచయం చేయాల్సిన తొందర ఎవరికీ లేదు. ఖ, ఢ లాంటి ఒత్తు అక్షరాలు పిల్లల మాటల్లో తక్కువ. అవి నిదానంగా వచ్చినా నష్టం లేదు.

ఒకే పోలిక ఉన్న అక్షరాల దగ్గర పెద్దలకు ఓపిక కావాలి. ద అడుగున చిన్న గీత చేరితే ధ, ఆ గీతతో పాటు లోపల చుక్క కూడా పడితే థ. ప, ఫ, ష, స ఒక గుంపు. వ, మ, య మరొకటి. గుంపులో అన్నీ ఒకే రోజు చెబితే పిల్లలు కలగాపులగం చేసుకుంటారు. ‘ప’ స్థిరపడ్డాక కొన్ని రోజుల ఎడంతో ‘స’ చెప్పి, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లల చేతే చెప్పించాలి. కొమ్ము దగ్గరా ఇలాంటిదే ఉంది. చాలా అక్షరాలకు కొమ్ము పక్కన వస్తుంది. ప, ఫ, వలకు మాత్రం కింది నుంచి వస్తుంది. పక్కనే పెడితే ‘వు’ అచ్చం ‘మ’లా కనిపిస్తుంది మరి.

చేతి విషయానికొస్తే, రాతకు ముందు గీతలు రావాలి. మూడేళ్లకు చాలామంది గుండ్రం గీస్తారు, అడ్డం నిలువు కలిపిన గీతకు నాలుగేళ్లు పడుతుంది. తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం వంపులే కాబట్టి సున్నాలు, అరసున్నాలు, ముగ్గుల్లో వచ్చే మెలికలు మంచి సాధన. పిండి ముద్ద చేయడం, చిక్కుళ్లు వలవడం, పూసలు గుచ్చడం వేళ్లకు బలమిస్తాయి. అక్షరాభ్యాసంలో బియ్యం మీద వేలితో రాయించే ఆచారం, వీధిబళ్లలో ఇసుక మీద దిద్దించే పద్ధతి ఈ లెక్కన తెలివైనవే. 1790ల్లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. 1797లో ఆ అనుభవాలను పుస్తకంగా అచ్చు వేశాక ఆ పద్ధతి ఇంగ్లండు బళ్లకు పాకింది. విద్యావేత్త మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడిమించడంలోనూ ఉన్నది ఇదే కిటుకు. 1939లో ఆమె మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

పలక మీదికి వచ్చాక అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో ఎదురుగా కాదు, పిల్లల పక్కన కూర్చుని చూపించాలి. ఎదురుగా కూర్చుంటే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఒక అక్షరాన్ని పేజీ నిండా రాయిస్తే మొదటి వరస బాగుంటుంది, చివరి వరసకు ఆకారం మారిపోతుంది. మారిన ఆకారమే చేతికి అలవాటవుతుంది. నాలుగైదు సార్లు రాయించి, వాటిలో ఏది బాగా కుదిరిందో పిల్లలనే ఎంచమనడం దానికన్నా ఫలితమిస్తుంది.

గుణింతాలు, వత్తులు కలిస్తే గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. ఒక్క ‘క’కే పదహారు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారు ఏడాదిలో వచ్చేశాయని తెలుగును వాటితో పోల్చడం అన్యాయం. సోదర లిపి కన్నడ మీద జరిగిన పరిశోధనలో అక్షరాల మీద పూర్తి పట్టు మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని తేలింది. మూడో తరగతి ముగిసేలోగా పిల్లలంతా చదవడం, రాయడం నేర్వాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం పెట్టుకుంది.

అక్షరాన్ని అద్దంలో బింబంలా తిప్పి రాయడం ఆరేడేళ్ల వరకు మామూలే. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లను కుడిచేతికి మార్చకూడదు. వాళ్లకు కాగితం పైఅంచును కాస్త కుడివైపుకు తిప్పి పెడితే చాలు. రెండో తరగతి దాటినా తెలిసిన అక్షరాలు మాటల్లో కనిపిస్తే పోల్చుకోలేకపోతుంటే, ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి, ఆ తర్వాత చదువు ఇబ్బందులు తెలిసిన నిపుణులకు చూపించాలి.