కంటబడని ధూళి

వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో కోతలైన పిమ్మట కళ్లమునందు జొన్నలు తూర్పారబట్టుట మీలో పెక్కుమంది చూచియే యుందురు. చేట యెత్తి గాలికి విడువగా బరువైన గింజ పాదముల చెంతనే రాలును. తాలు కొంత దూరము పోవును. పొట్టు గాలివాలున నెగిరి యెవరి ముంగిటనో వాలును. అణుబాంబుల ప్రేలుడువలన లేచు ధూళియు నిట్లే రాలును. చేట పట్టనేర్చినవారికి ఆ శాస్త్రమున సగము తెలిసినట్లే.

1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ సముద్రములోని బికినీ దీవులయందు అమెరికావారు ఉదజని బాంబు నొకదానిని పరీక్షించిరి. ఆ వేడికి పగడపు దిబ్బ కరగి, ఆవిరియై, మేఘముతోబాటు మింటి కెగసెను. సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్న రోంగెలాప్ దీవిపై కొన్ని గంటలలోనే తెల్లని బూడిద కురిసెను. పిల్లలు దానితో నాడుకొనిరి. పిదప వారి చర్మము కాలినట్లై పుండ్లు పడెను, జుట్టు రాలెను. ఏండ్లు గడచిన మీదట వారిలో ననేకులకు కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి చెడెను. ఇది దగ్గర రాలిన గింజ. మిక్కిలి సన్నని పొట్టు పైగాలులలో నెలల తరబడి తేలుచు భూగోళమును చుట్టివచ్చెను.

ఇక రెండవ సగము. పెద్ద రేణువునందును చిన్న రేణువునందును రేడియోధార్మికత యొకే పాళ్ల నుండదు. అక్షతలు కలుపునప్పుడు శేరు బియ్యమునకు పట్టు పసుపుకంటె శేరు నూకలకు పట్టు పసుపు హెచ్చు. నూకకు పైభాగ మెక్కువ గదా! రేణువు అడ్డుకొలత సగమైనచో, అదే తూకమునకు పైభాగము రెట్టింపగును. ప్రేలుడు మేఘము చల్లారునప్పుడు జిర్కోనియము, ప్లుటోనియము వంటివి ముందుగా గట్టిపడి, యింకను కరగియున్న పెద్ద బొట్లలో, పిండిలో నుప్పువలె, కలిసిపోవును. స్ట్రాన్షియము-90 అట్లు కాదు. దాని పుట్టుక క్రిప్టాన్ అను వాయువునుండి; ఆ వాయువు సుమారు అర నిమిషమునకు సగము చొప్పున మారుచుండును. అది స్ట్రాన్షియ మగునాటికి పెద్ద రేణువులు చాలవరకు గట్టిపడి క్రిందికి దిగుచుండును. కావున నది మిగిలిన సన్నని రేణువులకు పసుపువలె పైపూతగా నంటుకొనును. ఇట్టి పదార్థముల విషయమున, గింజ లెక్కన చూచిన పెద్దదే మోతు బరువు. తూకము లెక్కన చూచిన చిన్నదే ప్రమాదకరము.

స్ట్రాన్షియము సున్నపుధాతువునకు సోదరి వంటిది. గడ్డినుండి ఆవుపాలలోనికి, పాలనుండి శిశువు నెముకలలోనికి చేరును. అందుచేతనే 1958 మొదలుకొని అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు తల్లులు, మనము ఇంటి కప్పుమీద విసరివేయు పాలపండ్లను, పదిలపరచి శాస్త్రజ్ఞుల పరీక్షకు పంపిరి. 1963లో గాలిలో అణుపరీక్షలు మానవలెనని అమెరికా, రష్యా, ఇంగ్లండు ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనెను.

బాంబుల గొడవ మనకేల యందురేమో. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు అడవులలో, చెంచు పెంటల నడుమ, భూగర్భమున యురేనియ మున్నదని 2019లో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. ప్రజ లెదిరించిరి. ఆ సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకము వలదని యేకగ్రీవముగా తీర్మానించెను.

ముడిరాయి బాంబు కాదు. రెంటిని ముడివేసి జనులను బెదరించుట నాకు సమ్మతము కాదు. అయినను నూకల లెక్క యిక్కడను వర్తించును. యురేనియపు రాతినుండి రేడాన్ అను వాయువు వెలువడును. అది సుమారు నాలుగు దినములకు సగము చొప్పున మారుచు, ఘనపదార్థములగు సంతానమును కనును. ఆ సంతానము గాలిలోని సన్నని ధూళికిని, పొయ్యి పొగకును అంటుకొనును. మిల్లీమీటరులో నూరవ వంతునకు మించిన రేణువులు చాలవరకు ముక్కునందో గొంతునందో ఆగిపోవును. వానికంటె మిక్కిలి సన్ననివి ఊపిరితిత్తుల అడుగువరకు దిగును. గద్వాల చీర దులిపినప్పుడు రాలు దుమ్ము కంటికి కనబడును, ఇది కనబడదు.

కావున నెన్నడైన నచ్చట ధూళిని పరీక్షించువారు వచ్చినచో, మొత్తము తూకము చెప్పి పోనీయరాదు. జల్లెడ పట్టినట్లు పరిమాణములవారీగా వేరుచేసి, యే పాలునం దెంత యున్నదో చెప్పుమని పెంటలలోని తల్లులు అడుగవలెను.